పొందూరులో నూలు కనబడని ఫొటో

పొందూరు ఖద్దరు పని ఫొటోలు తీద్దామని విజయనగరంలో పలాస పాసింజర్ ఎక్కింది మొదలు మా బావ మూడో వంతుల పాఠం ఎత్తుకున్నాడు. ఫ్రేముని నిలువుగా మూడు, అడ్డంగా మూడు భాగాలు చెయ్యాలి. మనిషి ఆ గీతలు కలిసే చోట ఉండాలి. చూపు ఎటు ఉంటే అటు ఖాళీ వదలాలి. నెల్లిమర్ల దాటింది, చీపురుపల్లి దాటింది, పాఠం ఆగలేదు. ఆయన ఉన్న ఫొటో క్లబ్బులో మార్కులు వేసేది ఈ లెక్కతోనేనట.

రూల్స్ అంటే నాకు పడదని కాదు. తెనాలిలో మా నాన్నకి స్టూడియో ఉండేది. రోలుకి 36 ఫొటోలు, ఒక్కటి పాడైనా డబ్బు పోయినట్టే. మంచి ఎండలో లెన్సు కన్ను చిన్నగా ఎఫ్ 16, షట్టర్ ఫిల్మ్ స్పీడుకి (అంటే వెలుతురు పట్టే గుణానికి) దగ్గరగా, అంటే 100 స్పీడు ఫిల్మ్‌కి 1/125 సెకను: ఇవన్నీ నాకు ఎక్కాల్లా నేర్పించాడు. వెలుతురుతో వాదన పెట్టుకోలేం కదా. కానీ మనిషిని ఎక్కడ నిలబెట్టాలో ముందే గీసిపెట్టుకోవడం వేరే సంగతి. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ప్రకృతి దృశ్యాల బొమ్మల గురించి రాస్తూ ఈ మూడో వంతుల మాట అన్నాడు. ఫొటోగ్రఫీ లోకానికి తెలిసింది 1839లో. ఈ మాట చెబితే బావ, "అయితే ఏంటి? ఇప్పటికీ పనిచేస్తోందిగా" అన్నాడు.

పొందూరు స్టేషన్లో దిగి ఊళ్ళోకి ఆటో ఎక్కాం.

ఖద్దరు పని గురించి చదివి ఉన్నా, కళ్ళారా చూడటం వేరు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. సన్నటి పళ్ళ వరసలో చెత్తంతా చిక్కుకుని దూది మెత్తగా విడుతుంది. ఆ దూదితో ఏకులు చేసి రాట్నం మీద వడుకుతారు. కౌంటు అంకె పెరిగేకొద్దీ నూలు సన్నమవుతుంది; 100 కౌంటు నూలంటే వెంట్రుకలా ఉంటుంది. మేము వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దావిడ గుమ్మం పక్కన కూర్చుని వడుకుతోంది. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేత్తో ఏకుని వెనక్కి లాగుతూ ఉంటే, కదురు నుంచి నూలు మూరెడు, రెండు మూరలు సాగుతోంది.

బావ చకచకా తీశాడు. ఆవిడ మొహం సరిగ్గా గీతలు కలిసే చోటే ఉంది. గుమ్మం వెలుగు చెంప మీద పడింది. ముడతలన్నీ స్పష్టంగా వచ్చాయి, చూపు ముందు ఖాళీ కూడా ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు. మురిపెంగా ఆవిడకి చూపించాడు.

ఆవిడ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. "ఏటి బాబూ ఇదీ, నూలేదీ?" అంది.

నిజమే. వెనక తెల్ల సున్నం గోడ, దాని మీద తెల్ల నూలు. పైగా అది కెమెరా వైపు సాగుతోంది కాబట్టి ఫోకస్ లోంచి జారిపోయింది. "నానున్నాను, రాట్నముంది. నూలు నేదు. సన్నంగా వచ్చిందో, ముడి పడిందో ఎలా తెలుస్తాది?" అంది.

బావ బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ గురించి ఏదో చెప్పబోయాడు. ఆవిడ వినిపించుకోకుండా రాట్నం జరుపుకుని, వెనక చీకటి గది వచ్చేలా తిరిగి కూర్చుంది. "ఇప్పుడు తియ్యండి" అంది. రోజూ ఆ నూలునే చూసే మనిషికి అది ఎక్కడ కనబడుతుందో మనం చెప్పాలా?

నేను నూలుకి ఎదురుగా కూర్చున్నాను. అది కెమెరాకి అడ్డంగా సాగితే ఈ కొస నుంచి ఆ కొసదాకా ఫోకస్‌లోనే ఉంటుంది. షట్టర్ నెమ్మదిగా 1/30 సెకను పెట్టాను, రాట్నం తిరుగుతున్నట్టు కాస్త చెదిరితే చాలని. వెలుతురు లెక్క నూలు వరకే చూసి, మిగతా గదిని చీకట్లో వదిలేశాను. ఫ్రేము నట్టనడుమ ఒక తెల్లగీత. ఒక చివర కదురు, ఇంకో చివర ఆవిడ చెయ్యి. మొహం సగం నీడలో ఉంది. మా నాన్న నేర్పినదంతా పనికొచ్చింది. మూడో వంతు మాత్రం ఎక్కడా అవసరపడలేదు.

"మధ్యలో వేసేశావేంట్రా" అన్నాడు బావ. ఆవిడ మాత్రం తెర మీద ఆ గీత పొడుగునా వేలు పోనిచ్చి, "ఇక్కడ కాస్త లావొచ్చింది" అని తన పనినే తప్పు పట్టుకుంది.



తిరుగు రైల్లో బావ మళ్ళీ అందుకున్నాడు. "నూలు అడ్డంగా ఉండాలనడం కూడా రూలేగా?" అన్నాడు. రూలే, ఒప్పుకున్నాను. కానీ అది ఆ గదిలో, ఆ నూలు కోసం పుట్టింది. కళింగపట్నం ఒడ్డున పడవ ఫొటో తీసేటప్పుడు అక్కడ ఏం కనబడాలో మళ్ళీ మొదటి నుంచి చూసుకోవాలి. వల లాగుతున్నవాణ్ణి అడిగినా తప్పులేదు. బావ ఒప్పుకోలేదు, తన ఫొటోనే క్లబ్బు పోటీకి పంపుతానన్నాడు. ఆవిడకి పోస్టులో పంపడానికి నేను నూలు కనబడేదే ప్రింటు వేయించాను, 8 బై 12 సైజులో.