మన్రోల లెక్క: మే నుంచి ఆగస్టు దాకా

స్కాట్లాండ్‌లో 3,000 అడుగులు, అంటే దాదాపు 914 మీటర్లు దాటిన పర్వతాలను మన్రోలు అంటారు. సర్ హ్యూ మన్రో 1891లో వేసిన జాబితా పెరుగుతూ తరుగుతూ ఇప్పుడు 282 దగ్గర ఉంది. నేను మాత్రం ఎడిన్‌బరా నుంచి తెల్లారకముందే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరగలిగే వాటితోనే ఇంకా సరిపెట్టుకుంటున్నాను. ఈ వేసవిలో పద్ధతి మార్చాను. తేదీ ముందే ఖాయం చేసుకుంటా, ఏ కొండ అన్నది ఆఖర్న తేలుస్తా.

శనివారం అనుకుంటే మూడు దిక్కుల్లో మూడు కొండలు రాసి పెట్టుకుంటాను. పడమట బెన్ లోమండ్, మధ్యలో షిహాలియన్, ఈశాన్యాన కెయిర్న్ గోర్మ్. శుక్రవారం సాయంత్రం మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ వాళ్ల ఫోర్‌కాస్ట్ చూశాక రెండింటిని కొట్టేస్తాను. గాలి పడమట నుంచి వీస్తుంటే అట్లాంటిక్ తేమంతా పడమటనున్న ఫోర్ట్ విలియం వైపు కొండల మీదే కురిసిపోతుంది, తూర్పున కెయిర్న్‌గోర్మ్స్ కొండల వరుస దాకా వచ్చేది తక్కువ. పడమటి కనుమలు నైరుతిని ఆపేస్తే రాయలసీమ ఎండినట్టే. తూర్పు గాలైతే కథ తిరగబడుతుంది. ఉత్తర సముద్రం మీది పొగమంచు (ఇక్కడ హార్ అంటారు) తూర్పు తీరాన్ని కప్పేస్తుంది, ఎడిన్‌బరాలో ఎదురిల్లు కనపడదు, అదే పూట పడమటి కొండల మీద చక్కటి ఎండ కాస్తుంటుంది. కిటికీలోంచి చూసి ప్రయాణం మానుకునే వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

ఫోర్‌కాస్ట్‌లో అందరూ ముందు వాన చూస్తారు. నేను ముందు గాలి చూస్తాను, తర్వాత మబ్బు ఎంత ఎత్తులో ఉంటుందో, ఆ తర్వాతే వాన. వానకు రెయిన్ జాకెట్ ఉంది. గంటకు 40 మైళ్ల గాలికి వేసుకునే జాకెట్ ఏదీ లేదు. 30 దాటితే శిఖరరేఖ మీద నడక మొండిగా సాగుతుంది, 40 దాటితే అడుగు వేసిన చోట పడదు. రెండు శిఖరాల మధ్య కనుమ దగ్గర గాలి ఇరుకున పడి ఇంకా జోరెక్కుతుంది. శిఖరం మీద పర్వాలేదనిపించినా, నన్ను ఆపాల్సి వస్తే ఆపేది కనుమే.

మే చివర్లో బెన్ లోమండ్. ఎత్తు 974 మీటర్లు, రోవర్డెనన్ కార్ పార్క్ నుంచి రానూ పోనూ సుమారు 12 కిలోమీటర్లు. నైస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన లెక్క (గంటకు 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట) ప్రకారం పైకి 2 గంటల 45 నిమిషాలు. నాకు మూడు దాటింది. కింద 16 డిగ్రీలు, 900 మీటర్ల దగ్గర 8, గాలి 25 మైళ్లు. ఆ గాలికి 8 కాస్తా 3 లాగా తగులుతుంది. పులిహోర డబ్బా తీసే టైముకి వేళ్లు మూత పట్టనంత మొద్దుబారాయి. మే నెలైనా బ్యాగులో ఉన్ని టోపీ, గ్లోవ్స్ ఉండాల్సిందే. అన్నట్టు పడమటి వైపు కొండలకు మే, జూన్ మంచి నెలలు. జూలై, ఆగస్టుల్లో అక్కడ వాన ఎక్కువ.

జూన్‌లో పడమర అంతా తడి అని తేలాక షిహాలియన్‌కి వెళ్లాను. బ్రేస్ ఆఫ్ ఫాస్ దగ్గర కారు పెట్టి నడిస్తే కింది సగం బాట బాగుంటుంది. పై భాగమంతా క్వార్ట్‌జైట్ బండరాళ్ల గుట్ట. పొడిగా ఉంటే ఓపిక పట్టి దాటొచ్చు, తడిసిందంటే సబ్బు. భూమి సాంద్రత కొలవడానికి 1774లో మాస్కెలిన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ప్రయోగం చేసింది ఈ కొండ మీదే. చుక్కలను చూసి కొలవాల్సిన పని, మబ్బులు నెలల తరబడి ఆయన్ని తిప్పలు పెట్టాయి. నేను దిగేటప్పుడు ఆకాశం పలచగా పాలరంగు తిరిగి, సూర్యుడి చుట్టూ పెద్ద వరదగుడి కట్టింది. దూరాన వరదగుడి దగ్గరి వాన అంటారు కదా. ఎత్తున మంచు పలుకులతో పరుచుకునే ఆ పల్చని మబ్బు తరచూ వెచ్చని ఫ్రంట్‌కు (చల్లగాలి మీదికి ఎక్కుతూ వచ్చే వెచ్చటి గాలి అంచు) ముందు వస్తుంది. మర్నాడు ఆదివారం అంతా వానే. రెండో కొండ ఆలోచన అక్కడికక్కడే మానుకున్నందుకు హోటల్ ఖర్చు మిగిలింది.

జూలైలో ఖమ్మం నుంచి బావ వచ్చాడు. కెయిర్న్ గోర్మ్ కింది ఊరు అవిమోర్‌లో 23 డిగ్రీలు, జీన్స్ వేసుకుని తయారు. కాటన్ తడిస్తే ఆరదు బావా అని నా స్పేర్ ట్రాక్ ప్యాంటు ఇస్తే మొహం అదోలా పెట్టాడు. కెయిర్న్ గోర్మ్ 1,245 మీటర్లు, అయినా కార్ పార్కే 600 మీటర్లకు పైన ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లకు మంచిది. పైకి చేరేసరికి 12 డిగ్రీలు, గాలి. "ఏం బామ్మర్దీ, దీన్నేనా మీరు సమ్మర్ అనేది?" అన్నాడు, నా ఫ్లీస్ కూడా వేసుకుని. శిఖరం మీద హెరియట్-వాట్ యూనివర్సిటీ పెట్టిన వాతావరణ కేంద్రం గురించి చెప్పాను. పరికరాలకు మంచు పేరుకోకుండా వాటిని వెచ్చటి గొట్టంలో దాచి, అరగంటకోసారి కాసేపు బయటికి తీసి గాలిని కొలిచేలా చేశారు. 1986 మార్చి 20న అక్కడ గంటకు 173 మైళ్ల గాలి నమోదైంది. అక్కణ్నుంచి పక్క కొండ బెన్ మక్‌డూయి దాకా వెళ్దామన్నది అసలు ప్లాన్. పీఠభూమి అంచున గాలి 45కి పోతుందని ఫోర్‌కాస్ట్ చెప్పింది, టోపీ తాడు చెంపకు కొట్టుకోవడం చూస్తే నిజమే అనిపించింది. వెనక్కి తిరిగాం.

ఆగస్టులో హై ప్రెషర్ (గాలీ వానా లేని తేట వాతావరణం) వచ్చి కూర్చుంది. అప్పుడు బెన్ లావర్స్, 1,214 మీటర్లు. లాఖ్ టే సరస్సంతా తెల్లవారుజాము మబ్బు కింద, మేం పైన ఎండలో. బెన్ గ్లాస్ దాటాక నా నీడ కింది మబ్బు మీద పడి, తల చుట్టూ రంగుల వలయం కట్టింది. పక్కనున్న ఫ్రెండ్‌కి తన తల చుట్టూ మాత్రమే వలయం కనపడింది, నా తల చుట్టూ లేదంటాడు. ఎవరి వలయం వాళ్లకే కనిపిస్తుంది. 1894 సెప్టెంబరులో బెన్ నెవిస్ మీది అబ్జర్వేటరీలో సి.టి.ఆర్. విల్సన్ ఇలాంటివే చూసి, వాటిని ల్యాబ్‌లో పుట్టించబోయి చివరికి క్లౌడ్ చాంబర్ (కంటికి కనపడని కణాల జాడలను మబ్బు గీతలుగా చూపే పరికరం) కనిపెట్టాడు. 1927లో నోబెల్ వచ్చింది.

ఇంత ప్రశాంతమైన రోజుకు కప్పం మిడ్జ్‌లకు కట్టాలి. కంటికి ఆనని ఈ కుట్టే పురుగులు గాలి 7 మైళ్లు దాటితే ఎగరలేవు. అందుకే శిఖరం మీద ఒక్కటీ లేదు, కార్ పార్క్‌లో బూట్లు విప్పుకునేలోపు చెవుల్లో, కనుబొమ్మల్లో నిండిపోయాయి. బూట్లు విప్పకుండానే కారెక్కి, గాలి తగిలే మలుపు దగ్గర ఆగి మార్చుకోవాలి. తలకు వేసుకునే వల మూడు నాలుగు పౌండ్లకు దొరుకుతుంది.

సెప్టెంబరులో బెన్ నెవిస్. 1,345 మీటర్లు, పైన మబ్బు ఉంటుందనే అనుకుని వెళ్లాలి. దిగేటప్పుడు దారి తప్పకుండా దిక్సూచి పట్టుకుని శిఖరం స్తంభం దగ్గర్నుంచి 231 డిగ్రీల దిక్కున 150 మీటర్లు, ఆ తర్వాత 282 డిగ్రీల దిక్కున నడవాలి. ఈ రెండు అంకెలు మ్యాప్ కవర్ మీద మార్కర్‌తో రాసేశాను. ఫోన్ నుంచి ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి రిజిస్టర్ అని మెసేజ్ పెట్టడం అయింది, సిగ్నల్ సరిగా లేని చోట మెసేజ్‌తో అయినా సాయం అడగొచ్చు. జూన్‌లో రాత్రి పదింటికి కూడా ఉండే వెలుతురు అప్పటికి ఉండదు కాబట్టి హెడ్‌టార్చ్ బ్యాటరీలు కొనాలి. బావ ట్రాక్ ప్యాంటు తిరిగి పంపలేదు, ఇంకోటి కొనాలి.