పిన్నీసు పెట్టిన చెప్పులు

"అన్నా, ఈ చెప్పులు కొంచెం చూస్తుండు" అని నా పక్కన గట్టు మీద పెట్టేసి, నేను సరే అనేలోపే పరుగు మొదలుపెట్టింది ఆ పిల్ల. పన్నెండేళ్లుంటాయేమో. ఒక చెప్పుకు పట్టీ తెగితే పిన్నీసు పెట్టి ఉంది.

అనంతపురం ఆర్ట్స్ కాలేజీ మైదానం. పొద్దున ఆరున్నర. నేను నడకకని వచ్చి కూర్చున్నవాణ్ణి (నా నడక ఎక్కువగా కూర్చోవడమే).

జూలియన్ ఆల్ఫ్రెడ్ గుర్తొచ్చింది. కరీబియన్ దీవి దేశం సెయింట్ లూసియా అమ్మాయి. చిన్నప్పుడు బూట్లు లేక, బడి యూనిఫాంలోనే వట్టి కాళ్లతో పరుగెత్తేదట. 2024 ఆగస్టు 3న పారిస్‌లో, తడిసిన ట్రాక్ మీద వంద మీటర్లు 10.72 సెకన్లలో ముగించి బంగారం గెలిచింది. ఆ దేశానికి అదే మొట్టమొదటి ఒలింపిక్ పతకం. మూడు రోజుల తర్వాత రెండు వందల మీటర్లలో వెండి కూడా.

ఆ దేశం మొత్తం జనాభా రెండు లక్షల లోపే. మా అనంతపురంలోనే అంతకంటే ఎక్కువమందిమి ఉన్నాం. ఆ వంద మీటర్ల రాత్రే, సెయింట్ లూసియా కన్నా చిన్న దేశమైన డొమినికాకు థియా లాఫాండ్ ట్రిపుల్ జంప్‌లో తొలి బంగారం తెచ్చింది. ఆ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఇలాంటి జట్లు నది మీద పడవలో వెళ్తుంటే నేను టీ పెట్టుకోవడానికి లేచాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పిల్ల రొప్పుతూ తిరిగొచ్చింది.

"ఎన్ని సెకన్లన్నా?"

నేను చెప్పులే చూస్తున్నాను.

"మళ్లీ పరుగెత్తు, ఈసారి లెక్కపెడతాను" అన్నాను ఫోను తీస్తూ.