కట్టెలమ్మేవాడు విన్నాడు, షావుకారు ఊ కొట్టాడు

కార్తీకంలో యాదగిరిగుట్టలో వందల జంటలు వరుసగా కూర్చుని చేసే సత్యనారాయణ వ్రతమైనా, నల్లగొండలో గృహప్రవేశం నాడు ఇంట్లో చేసుకునేదైనా, కథ వేళకు జరిగేది ఒకటే. రవ్వ, చక్కెర సవా కిలో చొప్పున తూచి తెచ్చినవాళ్లకు కథ దగ్గర ఆ తూకం గుర్తుండదు. ఫోన్లు బయటికొస్తాయి. కాయ పగిలిన చప్పుడైతేనే ఓ అధ్యాయం అయిందని తెలుస్తుంది.

చిత్రంగా, ఆ కథలో కష్టాలు చాలావరకు మాట దగ్గర మొదలైనవే.

రెండో అధ్యాయంలో కట్టెలమ్మేవాడు దాహమేసి బ్రాహ్మణుడి ఇంటికొస్తాడు. వ్రతం చూసి దండం పెట్టి, ఏం చేస్తున్నారు, దీని ఫలమేమిటి అని అడుగుతాడు. మర్నాడు కట్టెలకు రెట్టింపు ధర పలికింది. ఏం కొన్నాడు? మాగిన అరటిపళ్లు, చక్కెర, నెయ్యి, పాలు, గోధుమపిండి. ఒక్కటీ మరిచిపోలేదు.

మూడో అధ్యాయంలో సాధువు అనే పేరున్న షావుకారు కూడా అడిగే తెలుసుకున్నాడు, సంతానం కలిగితే చేస్తానని మొక్కాడు. కూతురు పుట్టింది. భార్య లీలావతి గుర్తుచేస్తే కసురుకోలేదు, "దాని పెళ్లికి చేద్దాంలే" అన్నాడు. సంస్కృత కథలో ఇక్కడ "సమాశ్వాస్య" అని ఉంది, అంటే సముదాయించి. మన ఇళ్లలో ఎక్కువగా నడిచేది ఈ ఊ కొట్టడమే. కాదన్నా నయం, పోట్లాడొచ్చు. "సరే, చూద్దాం" అన్నాక మళ్లీ అడిగితే అడిగినవాళ్లదే తప్పవుతుంది. అందుకే "సరే" అన్నప్పుడు ఏ రోజో కూడా చెప్పేయాలి.

నాలుగో అధ్యాయంలో దండి, అంటే దండం పట్టిన సన్యాసి, వేషంలో వచ్చిన స్వామి పడవలో ఏముందని అడిగితే షావుకారు నవ్వి, ఆకులూ అలములూ అంటాడు. స్వామి తిట్టలేదు. నీ మాటే నిజమవుగాక అన్నాడు, అంతే.

ఈసారి వంట పని కథకు ముందే ముగించండి. అక్షతలు గుప్పిట్లో పట్టుకోండి, ఫోన్ తీయబోతే రాలిపోతాయి. అయ్యగారు వేగం పెంచితే "కొంచెం నెమ్మదిగా" అని అడగడం తప్పేం కాదు. కాయ కొట్టగానే ఒకరు ఆ అధ్యాయాన్ని రెండు మాటల్లో చెప్పాలి. తప్పు చెప్పినా మధ్యలో అందుకోవద్దు. ముగించనిచ్చి, ఒక్క ఊపిరి ఆగి, అప్పుడు సరిదిద్దాలి. ఇందులో పిల్లలకంటే పెద్దలే తడబడతారు.

ఐదో కాయ అయ్యాక గుప్పిట విప్పితే అరచేతికి పసుపంటి ఉంటుంది. అక్షతలు స్వామి మీద వేసి, కొన్ని తలమీద చల్లుకుని, అప్పుడు ప్రసాదం.