జీపీఎస్ లేకుండా ఫోన్ జాడ పట్టడం: నా అనుభవం

టవర్ సిగ్నళ్లను మాత్రమే పట్టుకుని, నగరంలో ఫోన్ ఏ వీధిలో ఉందో చెప్పాలి. ఇదీ నేను ఎంచుకున్న ప్రాజెక్టు. మొదట సులువే అనిపించింది. దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది కదా, మూడు టవర్లకు ఎంతెంత దూరమో తేలితే మూడు వృత్తాలు గీస్తే సరిపోతుందనుకున్నాను.

ఆ వృత్తాలు ఒక్కరోజు కూడా ఒకచోట కలవలేదు. రోడ్డు మీద మైనస్ 75 డీబీఎం (సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ సిగ్నల్ బలహీనం) చూపించిన ఫోను, పక్కనున్న భవనం చాటుకు వెళ్లగానే మైనస్ 95కి పడిపోయేది. 20 డీబీ తగ్గిందంటే అందే శక్తి వందో వంతుకు దిగినట్టు. నేను కదిలింది పది అడుగులే. నా సూత్రం మాత్రం దూరం మూడింతలైందని చెప్పేది.

తర్వాత టైమింగ్ అడ్వాన్స్‌ను నమ్ముకున్నాను. సిగ్నల్ వెళ్లివచ్చే సమయాన్ని బట్టి దూరం కట్టే పద్ధతి ఇది. 2జీలో ఈ కొలతలోని ఒక్కో మెట్టు దాదాపు 550 మీటర్లు, వీధుల్లో వెతకడానికి పనికిరాదు. 4జీలో సుమారు 78 మీటర్లు, కాస్త నయం. కానీ గోడలకు తగిలి చుట్టూ తిరిగొచ్చిన సిగ్నల్ ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది కాబట్టి ఫోన్ ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. పైగా ఫోన్ ఎప్పుడూ దగ్గరి టవర్‌కే అతుక్కుని ఉండదు.

అప్పుడు సూత్రాలు పక్కనపెట్టి నడక మొదలుపెట్టాను. ఇరవై అడుగులకోసారి ఆగి, ఏ సెల్ ఐడీ (టవర్ సిగ్నల్‌ను గుర్తించే సంఖ్య) ఎంత బలంగా వినిపిస్తోందో రాసుకున్నాను. ఎత్తైన భవనాల మధ్య జీపీఎస్ కూడా తప్పు చూపిస్తుంది, అందుకని నేను నిలబడ్డ చోటును మ్యాపు మీద చేత్తోనే గుర్తుపెట్టాను. కాళ్లు నొప్పెట్టాయి గానీ, ఈ పనిలో నాకు అన్నిటికన్నా సంతోషమిచ్చింది ఆ నడకే. లెక్కల్ని చెడగొట్టిన గోడలే ఒక్కో మలుపుకూ ఒక్కో వేలిముద్ర ఇచ్చాయి. కొత్త కొలత రాగానే దానికి బాగా దగ్గరగా ఉన్న పాత కొలతలు వెతికి, వాటి సగటు చోటు తీసుకున్నాను. ఇరుకు సందుల్లో జాడ చక్కగా దొరికింది. ఖాళీ మైదానంలోనే తడబడింది.

ఇంకో ఫోన్ పెడితే అంకెలన్నీ మారిపోయాయి. జేబులో పెట్టినా అంతే. ఒక్కో టవర్ బలాన్ని విడిగా కాకుండా, టవర్ల మధ్య తేడాలను పోల్చడం మొదలుపెట్టాక ఆ చిక్కు చాలావరకు విడిపోయింది.

ఇప్పుడు ఒక మూలన కొత్త భవనం లేచింది. అక్కడి పాత కొలతలన్నీ తీసేసి, ఆ రెండు వీధుల్లో మళ్లీ నడుస్తున్నాను.