118వ కీర్తన వచ్చేదాకా

“నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను.” బైబిలు కీర్తనల గ్రంథంలో 118వ కీర్తన, 17వ వచనం. ఈ ఒక్క వాక్యాన్ని తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, ఆసుపత్రిలో మా తమ్ముడి మంచం తలవైపు గోడకి అతికించాను. వాడు అక్కడున్న 43 రోజులూ ఆ కాగితం వాడితోనే ఉంది. గది మార్చిన ప్రతిసారీ చిరగకుండా ఊడదీసి కొత్త గోడకి అతికించేదాన్ని. వాడికి మాట ఉన్నన్నాళ్లూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఇద్దరం కలిసి చెప్పుకునేవాళ్లం. మాట పోయాక వాడి చెవి దగ్గర వంగి నేనే చెప్పాను. 44వ రోజు తెల్లవారకముందే వాడు వెళ్లిపోయాడు.

కాగితాన్ని మడిచి బైబిల్లో పెట్టుకున్నాను. పారేయడానికి చెయ్యి రాలేదు.

సమాధి కార్యక్రమం అయిన మూడో రోజున ఇంటికి వచ్చిన ఒక బోధకుడు, ప్రార్థన చేసి లేస్తూ, “దేవుని మాట తప్పదు. ఎక్కడో ఎవరి విశ్వాసంలోనో లోపం ఉండాలి” అన్నాడు. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా, ఎందుకంటే ఆ లోపం ఎక్కడుందో నాకు తెలుసు. 39వ రోజు రాత్రి వాడి బట్టలు మడతపెడుతూ, ‘ఇవి వీడు మళ్లీ వేసుకోడేమో’ అనుకున్నాను. ఒక్క క్షణమే. కానీ అనుకున్నాను. బైబిల్లోని యాకోబు పత్రికలో, అంటే ఆయన రాసిన ఉత్తరంలో, ఉంది కదా, సందేహించువాడు గాలిచేత రేపబడి యెగిరిపడు సముద్ర తరంగమును పోలియుండునని. నా తమ్ముణ్ని నా సందేహమే చంపిందని దాదాపు ఏడాది పాటు మోశాను. ఈ సంగతి మా అమ్మకి కూడా చెప్పలేదు.

అవిశ్వాసం అంటే దేవుడు లేడని తేల్చేసుకోవడం అని అప్పటిదాకా అనుకునేదాన్ని. నాకు అలా రాలేదు. దేవుడు లేడని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఆయన మాట్లాడిన మాట మీద కాలు మోపితే నిలుస్తుందా అన్న దగ్గరే ఆగిపోయాను. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే పని నాదే, మానలేదు. గొంతు ఎప్పటిలాగే ఖంగుమని పలికేది. చదవడం అయ్యాక సంఘమంతా “ఆమేన్” అన్నప్పుడు మాత్రం నా పెదవులు కదిలేవి కావు. అది ఎవరూ గమనించలేదనుకున్నాను.

ఒకరు గమనించారు. సంఘంలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ, ఒక గురువారం సాయంత్రం చేతిలో బైబిలుతో మా ఇంటికి వచ్చింది. నాకు భయం వేసింది, ఇప్పుడు ఏ ఉపదేశం మొదలవుతుందోనని. అందుకే గుమ్మంలోనే చెప్పేశాను: “పెద్దమ్మా, నాకు ఇప్పుడు ఏదీ వినాలని లేదు.”

“నువ్వు వినక్కర్లేదమ్మా. నేను చదువుకుంటాను. నీ పని నువ్వు చేసుకో” అంది.

కూర్చుని మొదటి కీర్తన చదివింది. ఆరు వచనాలు. వివరణ చెప్పలేదు, ఎలా ఉన్నావని అడగలేదు. ప్రార్థన చేస్తానని కూడా అనలేదు. “వందనాలమ్మా, వస్తా” అని వెళ్లిపోయింది. తరవాతి గురువారం రెండో కీర్తన. ఆ పైవారం మూడోది. నాలుగోవారం వంటగదిలో ఉండే వింటూ నాలో నేను లెక్క వేసుకున్నాను. వారానికి ఒకటి చొప్పున ఈమె ఆగకుండా వస్తే రెండేళ్ల పైచిలుకుకి 118వ కీర్తన వస్తుంది. ఆ రోజు మాత్రం నేను ఇంట్లో ఉండను అని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మొదటి నెలలు నిజంగానే వినలేదు. 13వ కీర్తన రోజున మాత్రం చేతిలో పని ఆగింది. “యెహోవా, ఎంతవరకు నన్ను మరచిపోవుదువు” అన్న అర్థంలో, కీర్తన రాసిన దావీదు రాజు అడుగుతున్నాడు. ఇది నేను లోపల అడుక్కుంటూ, అడిగినందుకు సిగ్గుపడుతున్న ప్రశ్న. ఇక్కడ అది పాట. ప్రధాన గాయకుడికి అప్పగించిన పాట, అంటే ప్రజలంతా కలిసి పాడటానికి. నేను అవిశ్వాసం అనుకున్న మాటల్లో కొన్నింటిని దేవుడు తన ప్రజలకి ప్రార్థనగా నోటికి అందించాడా అన్న ఆలోచన ఆ సాయంత్రం మొదటిసారి వచ్చింది.

ఆ తరవాత నేను కూడా బైబిలు తెరవడం మొదలుపెట్టాను. ఓదార్పు కోసం కాదు. బోధకుడి మాట నిజమో కాదో తేల్చుకోవాలని. కోపంతో చదివాను, ఆ మాట దాచను. యాకోబు పత్రికలో సముద్ర తరంగం దగ్గరికే ముందు వెళ్లాను. దానికి ముందు వచనం ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చదివానో, కానీ రెండూ కలిపి చూడలేదు. అక్కడ అడగమన్నది జ్ఞానం. ఇచ్చే దేవుడు ఎలాంటివాడో కూడా అక్కడే ఉంది: “ఎవనిని గద్దింపక” ఇచ్చేవాడు. నేను గద్దింపు కోసమే ఆ పత్రిక తెరిచేదాన్ని.

తరవాత మార్కు సువార్త 9వ అధ్యాయం. దయ్యం పట్టిన కొడుకుని తెచ్చిన తండ్రి. శిష్యులు చేయలేకపోయారు, చుట్టూ శాస్త్రులు, అంటే ధర్మశాస్త్ర పండితులు, తర్కిస్తున్నారు, మధ్యలో పిల్లవాడు నేల మీద పొర్లుతున్నాడు. అప్పుడు యేసు తండ్రిని ఒక ప్రశ్న అడుగుతాడు: ఇది వీడికి వచ్చి ఎంతకాలమైంది? ఆ ప్రశ్న దగ్గర చాలాసేపు కూర్చుండిపోయాను. మా ఇంటికి వచ్చిన వాళ్లలో ఎంతమంది ఆ 43 రోజుల గురించి అడిగారు? ఆ తండ్రి జవాబు అందరికీ తెలిసిందే: “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము.” నమ్మకం, అపనమ్మకం రెండూ ఒకే గొంతులో, ఒకే వాక్యంలో. ముందు ఆ రెండోది వదిలించుకుని రమ్మని యేసు అనలేదు. అంతే నమ్మకంతో వచ్చిన ఆ మనిషి కొడుకునే బాగుచేశాడు.

కానీ ఆ పిల్లవాడు లేచాడు. మా వాడు లేవలేదు. ఇక్కడికి వచ్చి ప్రతిసారీ ఆగిపోయేదాన్ని. దీనికి తేలికైన జవాబు ఇచ్చేవాళ్లని ఇప్పటికీ నేను నమ్మను.

ఆ గోడలో మొదటి పగులు చాలా చిన్న వచనం వల్ల వచ్చింది. తిమోతికి రాసిన రెండో పత్రిక చివర, వందనాలు చెప్పే చోట, యేసు సువార్తని ఊరూరా చాటిన అపొస్తలుడు పౌలు ఒక మాట అంటాడు: త్రోఫిము రోగిగా ఉంటే అతణ్ని మిలేతులో విడిచి వచ్చానని. అంతకు మించి ఏమీ లేదు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో ఎవరి శరీరానికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్తే రోగులు బాగయ్యారో, ఆ పౌలే. తన సహచరుణ్ని జబ్బు మీదే విడిచి వచ్చాడు. త్రోఫిము విశ్వాసంలో లోపం ఉందని రాయలేదు, తన ప్రార్థనలో తక్కువ ఏమైందో వెదకలేదు. ఇదే పౌలు తన శరీరంలోని ముల్లు గురించి ముమ్మారు ప్రభువుని వేడుకున్నాడు. ముల్లు పోలేదు, “నా కృప నీకు చాలును” అన్న మాట వచ్చింది. త్రోఫిము వచనం చదివిన రాత్రి మా అమ్మని నిద్ర లేపి 39వ రోజు సంగతి చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, “నేను 20వ రోజునే అనుకున్నానే” అంది. ఇద్దరం తెల్లవార్లూ ఏడ్చాం.

గురువారాలు సాగుతూనే ఉన్నాయి. 73వ కీర్తన వచ్చేసరికి నేను వంటగదిలోంచి వచ్చి పెద్దమ్మ ఎదురుగా కూర్చుంటున్నాను. “నా పాదములు జారుటకు కొంచెమే తప్పెను” అంటాడు ఆసాపు. అతను సామాన్య భక్తుడు కాదు, దేవుని ఆజ్ఞల పలకలున్న మందసం అనే పెట్టె ఎదుట పాడటానికి దావీదు నియమించిన గాయకుడు. ఆరాధన నడిపించేవాడి కాలే జారబోయింది. ప్రతి ఆదివారం వాక్యం చదివే నాకు ఆ మాట ఎలా తగిలిందో చెప్పలేను. 88వ కీర్తన రోజు పెద్దమ్మ గొంతు కూడా తగ్గింది. కీర్తనలన్నిటిలో చీకటితోనే ముగిసేది అది. “చీకటియే నాకు బంధువర్గమాయెను” అన్నాక ఇక వెలుగు రాదు. ఆవిడ దానికి ఏ మంచిమాటా తగిలించలేదు. పుస్తకం మూసి, కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. అంతకు మించిన పరిచర్య నాకు ఎవరూ చేయలేదు.

106వ కీర్తన చివరి వచనంలో ప్రజలందరూ ఆమేన్ అనాలని ఉంటుంది. ఆవిడ ఆ మాట చదివి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడే మెల్లగా “ఆమేన్” అంది, ఇద్దరి తరఫునా అన్నట్టు.

ఆ వారమే ఆ మాట వెనక ఉన్న హీబ్రూ గురించి చదివాను. ఆమేన్ పుట్టిన ధాతువుకి స్థిరంగా ఉండటం, ఆనుకోదగినంత గట్టిగా ఉండటం అనే భావం ఉంది. విశ్వాసం అని మనం చెప్పుకునే ‘ఎమునా’ కూడా ఆ ధాతువు నుంచే. నీతిమంతుడు విశ్వాసం వల్ల బ్రతుకుతాడని హబక్కూకు ప్రవక్త రాసినచోట ఉన్నది ఈ మాటే. బైబిల్లో అది చాలా ముందు కనిపించే చోట్లలో ఒకటి నిర్గమకాండము 17వ అధ్యాయం. అమాలేకీయులతో యుద్ధం జరుగుతుంటే మోషే చేతులు బరువెక్కిపోతాయి. అహరోను, హూరు చెరొకవైపు నిలబడి వాటిని ఎత్తి పట్టుకుంటారు. సూర్యుడు అస్తమించేదాకా ఆ చేతులు ‘నిలకడగా’ ఉన్నాయని రాసినచోట ఉన్నది ఎమునా. అలసిపోయిన చేతులు, వేరేవాళ్లు పట్టుకున్న చేతులు. దాన్ని ఆ పేరుతో పిలవొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. విశ్వాసమంటే నా గుండెలో నేను పుట్టించుకోవాల్సిన ధైర్యమనీ, అది ఎంత పాళ్లలో ఉందో దేవుడు కొలుస్తాడనీ అనుకుంటూ పెరిగాను.

117వ కీర్తన బైబిల్లో అన్నిటికంటే చిన్న అధ్యాయం, రెండే వచనాలు. అర నిమిషంలో అయిపోయింది. పెద్దమ్మ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “వచ్చే వారం దానికి రానా, దాటేసి పై వారం రానా?” అని అడిగింది. ఆ కాగితం సంగతి ఆవిడకి మొదటినుంచీ తెలుసట. ఆసుపత్రికి వచ్చినప్పుడు గోడ మీద చూసిందట. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కాసేపటికి, వచ్చే వారమే రమ్మన్నాను.

ఆ వారమంతా 118వ కీర్తనని ఒంటరిగా చదివాను. 17వ వచనం ఒక్కటే చింపి గోడకి పెట్టుకున్నానే గాని, మొత్తం కీర్తన ఏమంటుందో ఎన్నడూ అడగలేదు. 22వ వచనంలో ఇల్లు కట్టేవాళ్లు నిషేధించిన రాయి ఉంది, యేసు తన గురించే చెప్పుకున్న వచనం. 27వ వచనంలో బలిపశువుని తాళ్లతో బలిపీఠపు కొమ్ములకి కట్టమని ఉంది. ‘నేను చావను’ అన్న పాటలోనే బలిపీఠం కూడా ఉంది.

ఇంకొక సంగతి తెలిసింది. 113 నుంచి 118 వరకు ఉన్న ఆరు కీర్తనలని యూదులు పస్కా రాత్రి, అంటే ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలని తలచుకునే పండుగ రాత్రి, పాడతారు. మొదటి రెండు భోజనానికి ముందు, మిగతావి తరవాత. కడరాత్రి భోజనం అయ్యాక యేసు, శిష్యులు కీర్తన పాడి ఒలీవల కొండకి వెళ్లారని మత్తయి, మార్కు ఇద్దరూ రాశారు. ఆ కీర్తన ఇవే అయి ఉంటాయని చాలామంది వ్యాఖ్యాతలు అంటారు. అదే అయితే, “నేను చావను సజీవుడనై” అన్న మాటని మరుసటి రోజే చనిపోబోతున్న నోరు పాడింది. పాడి, గెత్సేమనే తోటకి వెళ్లి, ఈ గిన్నె, అంటే ముందున్న శ్రమ, నా నుండి తొలగించమని అడిగింది. గిన్నె తొలగలేదు. ఆయన సిలువ మీద చనిపోయిన శుక్రవారం సాయంత్రానికి ఆ వచనం గోడ మీద కాగితంలాగే అబద్ధంగా కనిపించి ఉంటుంది. ఆదివారం పొద్దున ఆయన లేచేదాకా.

నేను ఆ వాక్యానికి 43 రోజుల గడువు పెట్టాను. ఆయన మూడు రోజులు సమాధిలో ఉండి దాన్ని నెరవేర్చాడు. నా తమ్ముడి విషయంలో నేనింకా శనివారంలోనే ఉన్నాను. ఆదివారం వస్తుందని నమ్ముతున్నాను. కొన్ని పొద్దుల్లో నమ్మలేను. ఆ పొద్దుల్లో మార్కు 9లోని ఆ తండ్రి ప్రార్థనే చేస్తాను, వేరేది రాదు.

గురువారం పెద్దమ్మ వచ్చేసరికి కాగితం బల్ల మీద పెట్టాను. మడతల దగ్గర చిరిగింది, మూలల్లో అతికించిన మరకలు. ఆవిడ 118వ కీర్తన మొదలుపెట్టి 16వ వచనం దాకా చదివి ఆగింది. 17వది నేను చెప్పాను. గొంతు మధ్యలో పోయింది, మళ్లీ మొదటినుంచి చెప్పాను. మిగతాది ఆవిడ చదివింది.

ఆ పై గురువారం 119వ కీర్తన. 176 వచనాలు, మొత్తం దేవుని మాటని ప్రేమించే మాటలే. పెద్దమ్మ కళ్లజోడు తీసి, “ఇది నావల్ల కాదమ్మా, నువ్వు చదువు” అని పుస్తకం నా వైపు జరిపింది. గంట దగ్గర దగ్గర పట్టింది. దేవుని వాక్యం గురించి అంతసేపు పాడినవాడు చివరి వచనంలో ఏమంటాడో అక్కడికి వచ్చేదాకా నాకు గుర్తులేదు: “తప్పిపోయిన గొఱ్ఱెవలె నేను త్రోవవిడిచి తిరిగితిని, నీ సేవకుని వెదకి పట్టుకొనుము.”

పెద్దమ్మ కళ్లు మూసుకుని ఉంది. నేను ఆమేన్ అన్నాను.