అడవుల చదువు కన్నా ఆ కౌంటరే కష్టం

ఫీజులో ఎక్కువ కట్టించుకున్న డబ్బు నిన్న కార్డులో తిరిగి పడింది. కోపం మాత్రం చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో సహజ వనరుల సంరక్షణ కోర్సులో చేరాను. అసోసియేట్ డిగ్రీ (రెండేళ్ళ డిగ్రీ), 60 యూనిట్లు, అంటే క్రెడిట్లు. అప్లికేషన్ ఆన్‌లైన్లో ఉచితం, ఎంట్రన్స్ పరీక్ష లేదు. అంతవరకూ హాయి.

ఆ తర్వాత రెసిడెన్సీ, అంటే ఈ రాష్ట్రం మనిషినేనని నిరూపించుకోవడం. ఈ రాష్ట్రం వాళ్ళకి యూనిట్‌కి 46 డాలర్లు. బయటివాళ్ళయితే దాని మీద ఇంకా కొన్ని వందలు. టర్మ్ మొదలయ్యేనాటికి ఏడాది పైన ఒక రోజు ఇక్కడ ఉండాలి, ఇక్కడే ఉండే ఉద్దేశం ఉందని కాగితాలు చూపించాలి. మేము వచ్చి మూడేళ్ళు దాటింది. అయినా నాకు బయటివాళ్ళ లెక్కనే బిల్లు వేశారు.

కౌంటర్లో అమ్మాయి తలైనా ఎత్తకుండా "మీరు వీసా మీద ఉన్నారు, మీకు కుదరదు" అంది. కుదరనిది చదువుకోడానికి వచ్చే ఎఫ్-1 వాళ్ళకి. నాది హెచ్-4, అంటే హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో, పిల్లలకో ఇచ్చే వీసా. మాకు కుదురుతుంది. కాలేజీ కేటలాగ్‌లోనే ఉంది. ఆ పేజీ తీసి చూపిస్తే "సరే, మీ పేరు మీద ఏముంది?" అని ఇంకో మెలిక. అద్దె అగ్రిమెంటు మా ఆయనది. కరెంటు బిల్లు ఆయనది. కారు, ఫోన్, అన్నీ ఆయనవే. "మీరు ఇక్కడ ఉంటున్నట్టు ఒక్క కాగితమూ లేదే" అంది, వెనక క్యూలో ఉన్న పిల్లలందరికీ వినపడేలా. హైదరాబాద్‌లో నా జీతంతో ఇల్లు నడిపినదాన్ని. అక్కడ మాత్రం మా ఆయన బిల్లులకి తోకలా నిలబడ్డాను.

"పోనీలే, కట్టేద్దాం" అన్నాడాయన. సీటు పోకుండా కట్టాం గానీ నేను వదల్లేదు. ఇద్దరి పేర్లతో వేసిన రాష్ట్ర ట్యాక్స్ రిటర్న్ (ఫారం 540, అదే బయటివాళ్ళు వేసే 540ఎన్ఆర్ అయితే ఎదురు తిరుగుతుంది), ఏడాది దాటిన డ్రైవింగ్ లైసెన్స్, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు రికార్డు) జతచేసి పైఅధికారికి మెయిల్ పెట్టాను. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నన్ను ఈ రాష్ట్రం వాళ్ళ లెక్కలోకి మార్చేసింది. కౌంటర్లో వాదించకండి, దండగ. ఏదైనా రాతలో పెట్టండి. హెచ్-4 మీద వచ్చే ఆడవాళ్ళూ, దిగిన వారంలోనే ఏదో ఒక బిల్లు మీ పేరున పెట్టించుకోండి. "ఎవరి పేరైతే ఏంటి" అనే మొగుడి మాట వినకండి.

చదువు మాత్రం నాకు బాగా నచ్చింది. నాలుగున్నర అడుగుల ఎత్తులో చెట్టుకి టేపు చుట్టి లావు చూడటం, అడుగులు లెక్కపెట్టుకుంటూ దూరం కొలవడం. ఇక్కడి అడవి సర్వేలో ఇప్పటికీ 66 అడుగుల గంటర్ గొలుసు లెక్కే. పది చదరపు గొలుసులు ఒక ఎకరం అని మాస్టారు చెప్తే క్లాసంతా బిత్తరపోయింది. నేను చెయ్యెత్తాను. ఎకరానికి 100 సెంట్లు, సెంటుకి 1000 చదరపు లింకులు, ఆ లింకులు ఈ గొలుసులో వందో వంతు ముక్కలే. మా నాన్న పొలం గట్టు మీద నేర్పిన లెక్క! ఆ రోజు నుంచి ల్యాబ్‌లో నా టీమ్‌లోకి రావడానికి పోటీ.

వేసవి ఉద్యోగాలకి మా క్లాసు పిల్లలు అప్పుడే అప్లై చేస్తున్నారు. నాకు ఈఏడీ (పని చేయడానికి అనుమతి కార్డు) లేదు. మా ఆయన ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం ఆయన కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయితే గానీ దానికి అప్లై చేసే వీల్లేదు, అంటే అదీ ఆయన కాగితమే. ఈలోపు కరెంటు బిల్లులో నా పేరు చేర్పించాను. డిసెంబర్లో అద్దె అగ్రిమెంటు మారుతుంది, అందులో మొదటి పేరు నాదే ఉండాలని ఇంట్లో చెప్పేశాను.