సైన్‌వేవ్ సార్ విన్న బి సైడు

మన కాలేజీ రీయూనియన్ సావనీరుకు ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడిగారు. మెస్ పప్పు, కాజీపేట ప్లాట్‌ఫారం మీద పడుకున్న రాత్రి, తంబి ఎలక్షన్ ప్రచారం ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు. ల్యాబ్‌లో మనకు పాఠం చెప్పిన సైన్‌వేవ్ సార్ గురించి నేను రాస్తాను. ఆయన పాఠాల గురించి కాదు, ఆయన మనతో కూర్చొని విన్న ఒక ఆల్బమ్ గురించి.

జగిత్యాలోడి బావ దుబాయ్ నుంచి తెచ్చిన కేసెట్లలో బ్రిటిష్ గాయని కేట్ బుష్ ఆల్బమ్ 'హౌండ్స్ ఆఫ్ లవ్' మన హాస్టల్ వింగ్‌లో ఎంత తిరిగిందో మీకు తెలుసు. మొదటి వైపు అయిదు పాటలనూ అరగదీశాం. 'రన్నింగ్ అప్ దట్ హిల్' మొదలైతే పొడుగోడు బకెట్ బోర్లించి దరువు వేసేవాడు. రెండో వైపు మాత్రం ఎవరూ పూర్తిగా విననిచ్చేవాళ్ళు కాదు.

ల్యాబ్‌లో శాంప్లింగ్ (శబ్దాన్ని అంకెలుగా మార్చే) ప్రయోగం రోజు, ఏదైనా పాట తెస్తే సీఆర్‌ఓ మీద, అంటే సిగ్నల్‌ను తెర మీద గీతగా చూపే ఆసిల్లోస్కోపు మీద చూద్దామన్నారు సార్. జగిత్యాలోడు ఈ కేసెట్ పట్టుకొచ్చాడు. 'రన్నింగ్ అప్ దట్ హిల్' మొదట్లో వచ్చే ఆ తీగ శబ్దం దగ్గర సార్ టేపు ఆపించారు. అది ఫెయిర్‌లైట్ అనే యంత్రం పలికించిన సెల్లో శబ్దం. సిడ్నీలో తయారై 1979లో బయటికొచ్చిన యంత్రం. ఏ శబ్దాన్నైనా చిన్న ముక్కగా పట్టుకొని, అంకెలుగా మార్చి, కీబోర్డు మీద కావలసిన స్వరంలో వినిపిస్తుంది. "గొంతైనా, గాజు పగిలిన చప్పుడైనా దీనికి అంకెలేరా" అన్నారు సార్. ఆకుపచ్చ గీత తెర మీద వణుకుతుంటే అందరం బెంచీలు వదిలి ముందుకు జరిగాం.

కేసెట్ తిప్పమన్నది కూడా ఆయనే.

రెండో వైపు పేరు 'ది నైన్త్ వేవ్'. ఏడు పాటలు, ఒకటే కథ. రాత్రి పూట నడిసముద్రంలో ఒంటరిగా తేలుతున్న ఒక మనిషి. నిద్రపోతే ప్రాణం పోతుంది. మంచు కింద తనను తానే చూసుకుంటుంది. ఇంటికి వెళ్తుంది కానీ ఇంట్లోవాళ్ళకు కనిపించదు. మనలో చాలామందిమి అప్పటికి సముద్రం చూడలేదు, భద్రకాళి చెరువు, పాకాల దాటి నీళ్ళు తెలియవు. అయినా ఒళ్ళు చల్లబడింది. 'వేకింగ్ ద విచ్'లో ఎన్నో గొంతులు ఆమెను లేపుతుంటే, జనగామోడు మెల్లగా, "సార్, మా దిక్కు ఒగ్గు కథ లెక్కనే ఉన్నది" అన్నాడు. సార్ ముఖం వెలిగిపోయింది. ఒగ్గు కథ కళాకారుడు చుక్క సత్తయ్య ఒక్కడే రాజవుతాడు, తల్లవుతాడు, దేవుడవుతాడు, ఇక్కడా అదే పని జరుగుతోంది అన్నారు. 'జిగ్ ఆఫ్ లైఫ్' ఐరిష్ దరువుకు బల్ల మీద తాళం వేశారు. 'హలో ఎర్త్'లో మగవాళ్ళ బృందగానం, జార్జియా దేశపు జానపద బాణీ, వచ్చినప్పుడు కళ్ళు మూసుకున్నారు. అటెండర్ తాళాలతో వచ్చి నిలబడితే, ఆయన్నీ కూర్చోమన్నారు.

27 ఏళ్ళ అమ్మాయి, అమ్మానాన్నల ఇంటి పక్క కొట్టంలో సొంత స్టూడియో కట్టుకొని, తానే ప్రొడ్యూసరై 1985లో ఈ పని చేసింది. 'అండ్ డ్రీమ్ ఆఫ్ షీప్'లో వాళ్ళమ్మ గొంతు కూడా ఉంది. ఇంత కొత్త ప్రయోగం చేసి కూడా బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్ళింది. జనానికి అర్థం కాదని భయపడి తగ్గించుకోలేదు. నాకు అదే గొప్ప అనిపిస్తుంది.

తర్వాత సంవత్సరాలు, ఉద్యోగాలు, ఊళ్ళు మీ అందరివీ నావీ ఒకటే. నేను వినికిడి యంత్రాల చిప్పుల్లో గోలను తగ్గించి మాటను పైకి తెచ్చే ప్రోగ్రాములు రాస్తున్నాను. మా టీం పని పెట్టిన యంత్రంతో ఒక ముసలాయన మనవరాలి మాట విని తల తిప్పడం చూశాను. సార్ ఉండగానే ఆ సంగతి ఫోన్లో చెప్పగలిగాను. "అంకెలేరా" అన్నారు మళ్ళీ.

2022లో ఒక వెబ్ సిరీస్ పుణ్యమా అని 'రన్నింగ్ అప్ దట్ హిల్' 37 ఏళ్ళకు బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. మా అమ్మాయి కొత్త పాట అనుకొని పంపింది. సంతోషమే. పొడుగోడు గ్రూపులో అప్పటినుంచీ మొదటి వైపే గొప్పదని వాదిస్తున్నాడు. నేను ఒప్పుకోను. రీయూనియన్‌కు మంచి స్పీకర్లు నేను తెస్తున్నాను. వాడి కోసం మొదటి వైపు పెడదాం, బకెట్ కమిటీ ఏర్పాటు చేయాలి. రెండో వైపు దాదాపు 26 నిమిషాలు. ఈసారి మధ్యలో ఎవరూ ఆపొద్దు.